పదిహేడు రోజుల మేకులు

తానా బేరు ఒడ్డున ఓడలు కట్టే మేస్త్రీల పేర్లు అడిగితే ఊళ్ళో ఎవరైనా గడగడా అప్పజెబుతారు. ఆ ఓడల్ని పట్టి ఉంచే కొయ్య మేకుల్ని ఎండబెట్టేది ఎవరని అడిగితే మాత్రం, "అదేం పని? పొయ్యి మీద పడేస్తే అవే ఎండుతాయి" అంటారు. ఈ మాట విన్నప్పుడల్లా హాద్రా నవ్వి ఊరుకుంటుంది. పొయ్యి తనంతట తాను వెలగదని ఒక్కొక్కరికీ చెప్పుకుంటూ తిరిగే ఓపిక ఆవిడకు లేదు.

హాద్రాకు యాభై ఎనిమిదేళ్ళు. మనిషి పొట్టి, గొంతు గట్టి. ఆవిడ వంటింట్లో మూడు రాళ్ళ పొయ్యి, దాని మీద మనిషెత్తున వేలాడే వెదురు తడక, తడక నిండా మేకులు. వేలంత పొడుగువి ఒక పక్క, మూరెడువి ఇంకో పక్క. చెక్కేది ఆవిడ మొగుడు గాస్సింగ్. ఇనుమంత బరువుండే కర్రను కత్తితో గుండ్రంగా చెక్కి, బుట్టలో పోసి గుమ్మంలో పెట్టేస్తాడు. అక్కడితో ఆయన పని అయిపోతుంది. ఆ తర్వాత తడక మీదికి ఎక్కించడం, రోజుకోసారి తిప్పడం, ఏ పొయ్యిరాయికి ఎంత దూరంలో ఉంచాలో చూసుకోవడం, ఎండినవి ఏరడం అంతా ఆవిడదే. రెండు మేకులు తీసుకుని చెవి దగ్గర ఒకదానికొకటి తాటిస్తుంది. తడి ఉన్న మేకు డబ్‌మంటుంది. ఎండిన మేకు టింగుమంటుంది. మూడు నెలలు పొగ తాగితే గానీ ఏ మేకూ టింగుమనదు.

పూర్తిగా ఎండిన మేకును పలకలోకి దిగ్గొట్టి ఓడను నీళ్ళలోకి తోస్తే అది సముద్రాన్ని తాగి లావెక్కి పలకను బిగించేస్తుంది. ఇక ఎవరి తరమూ కాదు దాన్ని లాగడం. పచ్చి మేకు అలా కాదు. ఉన్న తడంతా పోయి సన్నబడి, రంధ్రంలో గలగలలాడుతుంది. ఓడ శాస్త్రం మొత్తంలో హాద్రాకు కావలసింది ఇంతే. ఇది మాత్రం ఆవిడకు తెలిసినంతగా ఆ ఒడ్డున ఇంకెవరికీ తెలియదు.

ఆ వంటింటికి ఇంకో వింత ఉంది. సరిగ్గా పొయ్యికి పైన కప్పును కోసి, ఓడ మీద ఉండేలాంటి మూత ఒకటి పెట్టారు. తాడు లాగితే తెరుచుకుని పొగంతా బయటికి పోతుంది. ఊళ్ళో మరే వంటింటికీ ఇలాంటిది లేదు. అది ఎందుకొచ్చిందో తర్వాత చెబుతాను.

ఒకరోజు పొద్దున్నే హాజీ సాంపారా వచ్చాడు. నలభై అయిదేళ్ళ వాడు. పర్యాటకుల్ని దీవుల వెంట తిప్పే ఓడలు రెండున్నాయి, మూడోది ఈ ఒడ్డునే కట్టించబోతున్నాడు. ముందు చెప్పుకున్న ప్రకారం మేకుల పని గాస్సింగ్‌ది. హాజీ మెట్లెక్కి చాప మీద కూర్చున్నాడు, కాఫీ తాగాడు, వేయించిన అరటికాయ రెండు ముక్కలు తిన్నాడు, ఆ తర్వాత గానీ నోరు విప్పలేదు. అంతసేపు తిన్నాడంటే మంచి కబురు కాదని హాద్రాకు అప్పుడే అర్థమైంది.

"దాయెంగ్ గాస్సింగ్, ఏమీ అనుకోకు. ఈసారి ఇనుప బోల్టులు వేయిద్దామనుకుంటున్నా."

గౌరవానికి ఆ ఒడ్డున మగవాళ్ళని దాయెంగ్ అంటారు. గాస్సింగ్ తల ఎత్తలేదు. అడిగింది హాద్రాయే. "ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదక్కా, కళ్ళతో చూశా." హాజీ ఫోన్ తీసి చూపించాడు. "బులుకుంబా మ్యూజియంలో ఓడ ఉంది కదా, మీరు కట్టిందే. చూడు, మేకులన్నీ ఎలా బయటికి పొడుచుకొచ్చాయో. నా ఇంజనీరు ఈ ఫోటో చూసి నవ్వాడు. గదిలో నిలబెట్టిన ఓడకే ఇలా అయితే అలల్లో నా ఓడ గతేంటి అన్నాడు."

హాద్రా ఫోన్‌ను దూరంగా పట్టుకుని చూసింది. బొడిపెలు బొడిపెలుగా మేకు తలలు. అవన్నీ తన తడక మీదే ఎండాయి.

"నా పొయ్యి మీద ఎండిన మేకు ఊడదు."

"ఫోటో అబద్ధం చెప్పదు కదక్కా."

"ఫోటో వాసన కూడా చెప్పదు. పద, వెళ్ళి చూద్దాం. ఊడితే నీ ఓడకు బోల్టులు వేసుకో, నేను ఈ తడక పీకి పొయ్యిలో పెడతా. ఊడకపోతే పని మాది."

గాస్సింగ్ అప్పుడు తలెత్తాడు. "ఇవాళెందుకే? వానొచ్చేలా ఉంది."

"మ్యూజియంకి కప్పుంది దాయెంగ్."

"మోకాలు నొప్పి."

"నిన్నంతా ఓడెక్కి దిగావు, అప్పుడు లేని నొప్పి ఇప్పుడెక్కడిది? హాజీ కారుంది, పద."

ఆయన కత్తిని ఒరలో పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు. పని పోతుందేమోనని మనిషి బెదిరాడని హాద్రా అనుకుంది. నెలకో ఓడ బోల్టుల వైపు పోతోంది. హాజీ కూడా పోతే తడక ఖాళీ, గాస్సింగ్ కత్తి కొబ్బరికాయలకు తప్ప పనికిరాదు. ఆవిడకు మాత్రం బెదురు లేదు. అరిటాకులో జిగురన్నం, వేయించిన నెత్తళ్ళు మూటగట్టుకుని, ఉన్నవాటిలో మంచి తలగుడ్డ చుట్టుకుని కారులో ముందు సీట్లో కూర్చుంది.

బులుకుంబా గంట ప్రయాణం. ఇరవై రెండేళ్ళుగా ఆ ఓడ అక్కడుంది, ఒక్కసారి కూడా వీళ్ళు వెళ్ళి చూడలేదు. ఒడ్డున అందరిదీ ఇదే తీరు. కట్టేదాకా కన్నబిడ్డలా చూస్తారు, తోసేశాక అది ఎవరి ఓడో. పైగా ఇది తోసిన ఓడ కూడా కాదు. నిజం ఓడలో సగం కొలతతో ఒడ్డున కట్టి, పెద్ద లారీకెక్కించి, దారిపొడుగునా కరెంటు తీగలు కర్రలతో పైకెత్తి పట్టుకుంటూ ఊరేగింపుగా తీసుకెళ్ళారు. ఒక్క చుక్క సముద్రం తగలకుండా నేరుగా సిమెంటు నేల మీద నిలబెట్టారు. దానికి ఒడ్డున వాళ్ళు పెట్టుకున్న పేరు ఎండుచేప.

మ్యూజియం తలుపు తీయగానే చల్లగాలి మొహాన కొట్టింది. విల్దా అనే అమ్మాయి ఎదురొచ్చింది. బడి చదువు ముగిసి ఎన్నాళ్ళో కాలేదన్నట్టుంది మనిషి, మెడలో గుర్తింపు కార్డు. వచ్చినవాళ్ళెవరైనా ఆ అమ్మాయి ఒకటే పాఠం అప్పజెబుతుంది. మన పూర్వీకుల నరాల్లో రక్తం కాదు ఉప్పునీళ్ళు పారేవనీ, సముద్రమే వాళ్ళ అమ్మ అనీ, ఓడే ఊయల అనీ. ఇలాంటి మాటలు రాసేవాళ్ళు ఎప్పుడూ ఓడెక్కి ఉండరు. ఎక్కినవాళ్ళెవరూ దాన్ని ఊయల అనరు.

"మా మామగారికి ఓడెక్కితే వాంతులు," అంది హాద్రా. "అరవై ఓడలు కట్టాడు, ఒక్కదానిలోనూ కాలు పెట్టలేదు."

 విల్దా పాఠంలో ఈ సంగతి ఎక్కడా లేదు.

ఓడ హాలు మధ్యలో ఉంది. చుట్టూ తాడు కట్టి, ముట్టుకోవద్దని బోర్డు పెట్టారు. హాద్రా తాడు కింద నుంచి దూరిపోయింది.

"అమ్మగారూ, లోపలికి వెళ్ళకూడదు! ముట్టుకోకూడదు!"

"ముట్టుకోకుండానే కట్టారనుకున్నావా తల్లీ? అదిగో, కట్టినాయన అక్కడున్నాడు. ఆయన్ని అడుగు."

గాస్సింగ్ తాడు ఇవతలే నిలబడ్డాడు. విల్దా ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసి, తాడు కొక్కెం తనే విప్పింది.

ఫోటోలో ఉన్నది నిజమే. పలకల మీద వరసగా మేకు తలలు పొడుచుకొచ్చాయి, అంగుళంలో మూడోవంతు దాకా. పలకకూ పలకకూ మధ్య చీకటి గీతలు విచ్చుకున్నాయి. హాద్రా ఒక మేకును బొటనవేలితో నొక్కింది, పిడికిలితో కొట్టింది. చెవి పలకకు ఆనించి మళ్ళీ కొట్టింది. వెనక్కి తిరిగినప్పుడు ఆవిడ మొహం వెలిగిపోతోంది.

"హాజీ, మీ నాన్నగారు బతికున్నారా?"

"ఉన్నారక్కా. ఎందుకు?"

"పళ్ళున్నాయా?"

"నాలుగో అయిదో ఉన్నాయి."

"ఆ ఉన్నవి చిన్నప్పటికన్నా పొడుగ్గా కనబడటం లేదూ? పళ్ళు పెరిగాయా, చిగుళ్ళు పోయాయా? ఇదీ అంతే. ఈ చలిపెట్టెలో ఇరవై రెండేళ్ళు పెడితే పలక ఆరిపోయి పలచబడింది. మేకు ముందే ఆరింది కాబట్టి ఉన్నచోటే ఉంది. మేకు బయటికి రాలేదు, పలక లోపలికి పోయింది. నమ్మకపోతే లాగి చూడు."

హాజీ వ్యాపారి. మాటలకు లొంగే రకం కాదు. డ్రైవరు చేత కారులోంచి పట్టుకారు తెప్పించాడు. విల్దా కళ్ళు మూసుకుంది. ఒక మేకును పట్టుకుని లాగాడు, ఓడ పక్కకు కాలు తన్నిపెట్టి మరీ లాగాడు. చేతులు జారి వెనక్కి తూలాడు గానీ మేకు కదల్లేదు. ఇంకోటి పట్టాడు. అదీ అంతే. నాలుగోదానికి చొక్కా బటను తెగింది.

"ఇక చాలు హాజీ," అంది హాద్రా. "ఓడ మ్యూజియం వాళ్ళది. బటను మాత్రం నీది."

హాజీ ఆయాసపడుతూ నవ్వాడు. ఏదో అనబోయేంతలో విల్దా గొంతు సవరించుకుంది. పాఠం కాకుండా సొంతమాట చెప్పడం అలవాటు లేని పిల్ల, అయినా చెప్పింది.

"ఇటువైపువి గట్టిగానే ఉన్నాయండీ. కానీ ముందువైపు కొన్ని నిజంగానే రాలిపోయాయి. ఊడుస్తుంటే నాకే దొరికాయి. దాచిపెట్టాను."

లోపలికి వెళ్ళి బిస్కెట్ల డబ్బా తెచ్చింది. మూత తీస్తే తొమ్మిది మేకులు. ఓడ ముందు కొసన, ముక్కుకు ఎడమపక్క, తొమ్మిది ఖాళీ రంధ్రాలు.

హాద్రా ఒక మేకు తీసి చూసింది. తక్కినవి ముదురు గోధుమరంగులో ఉంటే, ఇవి తొక్క తీసిన చెరకు ముక్కల్లా వెలవెలబోతున్నాయి. ముక్కు దగ్గర పెట్టుకుంది. కర్ర వాసన, దుమ్ము వాసన, బిస్కెట్ల వాసన. పొగ వాసన మాత్రం లేదు.

"ఇవి మావి కావు," అంది గట్టిగా. "ఇది నా పొయ్యి ఎరగదు. ఆ తర్వాత ఎవడో వడ్రంగి వచ్చి పెట్టి ఉంటాడు. పొగ పట్టిన కర్ర ఎన్నేళ్ళైనా పొగ వాసనే కొడుతుంది. ఇదిగో హాజీ, నువ్వే చూడు."

హాజీ వాసన చూసి తల ఊపాడు. "అవునక్కా, వాసన లేదు. అయితే ఇవి మీవి కాదన్నమాట. సరే, నాకింక..."

ఆ మాట పూర్తయి ఉంటే పని దొరికిపోయేది. కారెక్కి ఇంటికి పోయేవాళ్ళు. ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు.

"మావే," అన్నాడు గాస్సింగ్.

పొద్దుటి నుంచి ఆయన అన్న నాలుగో మాటో అయిదో మాటో అది. తాడు దాటి వచ్చి ఓడ పక్కన నిలబడ్డాడు.

"ఆ తొమ్మిదీ నేనే దిగ్గొట్టాను. పచ్చివి."

హాద్రా తిరిగి చూసింది. "పచ్చివెందుకు కొట్టావు? తడక మీద ఎండినవి లేవా?"

"లేవు. నువ్వు లేవు."

 ఆవిడకు లెక్క తెలియడానికి ఒక్క క్షణం పట్టింది.

ఆ ఏడు ఆవిడకు కళ్ళమంట విపరీతంగా ఉండేది. రోజంతా పొగలో కూర్చుంటే కన్నీళ్ళు కారిపోయేవి. గ్యాస్ పొయ్యి కొనమని అడిగింది. కొంటే మేకులెక్కడ ఎండబెట్టాలి అన్నాడాయన. నీ నెత్తి మీద ఆరబెట్టుకో అని, నాలుగు బట్టలు మడతపెట్టి సంచిలో వేసుకుని బీరా అనే ఊళ్ళో ఉన్న అక్క ఇంటికి వెళ్ళిపోయింది. పదిహేడు రోజులు. పద్దెనిమిదో రోజు ఆయన వచ్చి అక్క ఇంటి ముందు గొంతుక్కూర్చున్నాడు.  కప్పు కోసి మూత పెట్టానని మాత్రం చెప్పాడు. ఆవిడ వచ్చి తాడు లాగి చూసింది. పొగ బయటికి పోయింది. దాంతో గొడవ ముగిసింది. కానీ ఆ పదిహేడు రోజులు పొయ్యి వెలగలేదన్న సంగతి, ఓడ ముక్కు మాత్రం ఆగకుండా లేస్తూనే ఉందన్న సంగతి ఆవిడకు ఎప్పుడూ తట్టలేదు.

"ఎండినవి తొమ్మిది తక్కువయ్యాయి," అన్నాడు గాస్సింగ్. "లారీ వచ్చే రోజు దగ్గరపడింది. ఎండలో రెండు రోజులు ఉంచి కొట్టేశాను. సముద్రంలోకి పోయే ఓడ కాదు కదా, ఎవడు చూస్తాడులే అనుకున్నాను. అదే సముద్రంలోకి పోయే ఓడైతే నీ కోసం పదిహేడు రోజులు కాదు, రెండో రోజే వచ్చేవాణ్ణి."

"ఓహో! అంటే నేను ఎండుచేపకు సమానమా?"

"అది కాదే..."

"ఇరవై రెండేళ్ళు నోట్లో పెట్టుకు కూర్చున్నావు. నిద్రెలా పట్టింది?"

"పట్టింది," అన్నాడు ఆయన నిజాయితీగా. "పొద్దున ఫోటో చూసేదాకా బాగానే పట్టింది."

విల్దా నవ్వాపుకోలేక డబ్బా మూత మొహానికి అడ్డం పెట్టుకుంది. హాజీకి మాత్రం నవ్వు రాలేదు. గడ్డం నిమురుకుంటూ ఆ తొమ్మిది రంధ్రాల వైపే చూస్తున్నాడు.

"దాయెంగ్, నువ్వు నిజం చెప్పావు, మంచిదే. కానీ నేను ఓడ కట్టించేది నిజం కోసం కాదు. నా ఓడకు కూడా తొమ్మిది తక్కువైతే?"

 హాద్రా మేకు చేతిలో పట్టుకుని హాజీ ఎదురుగా నిలబడింది. ఆవిడ తల ఆయన భుజం దాకా కూడా రాదు.

"హాజీ, నీ ఇంజనీరు ఏ పరీక్ష పెట్టినా ఇంతకన్నా పెద్దది పెట్టగలడా? ఒకటే ఓడ, ఒకటే కర్ర, ఒకటే చెయ్యి. ఒకటే గదిలో ఇరవై రెండేళ్ళు. పొయ్యి ఎరిగిన మేకు నీ పట్టుకారుకు లొంగలేదు. పొయ్యి ఎరగని మేకు చీపురుకు రాలింది. ఆయన చేసింది తప్పే, ఇంటికెళ్ళాక నేను చూసుకుంటా. ఆ తప్పు చేసి ఉండకపోతే నీకీ సంగతి ఎవరు రుజువు చేసేవాళ్ళు?"

హాజీ ఓడ వైపు చూశాడు, పట్టుకారు వైపు చూశాడు, తెగిన బటను వైపు చూశాడు.

"అంటే, నా ఓడ తేలడం మునగడం మీ కాపురం మీద ఉందంటావు."

"ఇన్నేళ్ళూ ఈ ఒడ్డు ఓడలన్నీ అలాగే తేలాయి. వాళ్ళెవరూ అడగలేదంతే."

ఈసారి హాజీకి నవ్వొచ్చింది. మొదట ముక్కులోంచి, ఆ తర్వాత హాలంతా వినబడేలా నవ్వాడు. "సరే. మేకులే. కానీ ఈ ఏడాది మీరిద్దరూ పోట్లాడుకోకూడదు."

"పోట్లాడుకుంటాం. అది మా ఇష్టం. నువ్వు నా రెండు మాటలు విను. ఓడ దగ్గర కోసిన చెక్కముక్కలు ముందు నా గుమ్మంలో పడాలి, పొయ్యికి కరువు రాకూడదు. ఇంకోటి, తడక మీంచి మేకు దించేది నేనే. ఇది ఎండింది అని నేను అంటేనే నీ ఓడ దగ్గరికి వస్తుంది. ఆయన చెయ్యి తడక మీద పడటానికి వీల్లేదు."

"నా మేకులమ్మా అవి," అన్నాడు గాస్సింగ్ మెల్లగా.

"చెక్కేదాకా నీవి. ఆ తర్వాత నావి."

హాజీ ఒప్పుకున్నాడు. ముగ్గురూ ఓడ నీడలో కూర్చుని జిగురన్నం తిన్నారు. అక్కడ తినకూడదని ఇంకో బోర్డుంది, విల్దా దాని ముందు నిలబడి కనబడకుండా అడ్డం పెట్టింది. ఆ పిల్లకూ ఓ ముద్ద పెట్టింది హాద్రా. నెత్తళ్ళు నములుతూ విల్దా అడిగింది, "అమ్మగారూ, ఈ తొమ్మిదింటినీ జిగురు పెట్టి అతికించమని పైవాళ్ళు చెప్పారు. అతికించనా?"

"వద్దు. ఈయన కొత్తవి తొమ్మిది చెక్కి తెస్తాడు, ఎండాక. ఇవి ఇలాగే డబ్బాలో పెట్టి అందరికీ చూపించు."

"మరి కింద ఏమని రాయను? ఏదో ఒకటి రాయాలి కదండీ."

హాద్రా చెయ్యి కడుక్కోవడానికి లేచింది. "పొయ్యి వెలగని రోజులవి అని రాయి. మీ ఉప్పునీళ్ళ రక్తం కన్నా అదే నయం."

అది రాశారో లేదో తెలియదు. పై అధికారి సంతకం కావాలని విల్దా అంది.

మూడు నెలలు గడిచాయి. ఒడ్డున హాజీ ఓడకు పలకలు లేస్తున్నాయి, మేకుల కోసం కబురు మీద కబురు వస్తోంది. ఆ రోజు వంటింట్లో పొయ్యి మండుతోంది, పైన మూత తెరిచి ఉంది, పొగ నిటారుగా పోతోంది. తడక మీద మేకులు నిండుగా ఉన్నాయి. ముందు వరసలో విడిగా తొమ్మిది, మ్యూజియంవి. గాస్సింగ్ గుమ్మంలో నిలబడి చూశాడు. హాద్రా చేపల పులుసు కలుపుతోంది, ఇటు చూడటం లేదు. ఆయన చెయ్యి నెమ్మదిగా తడక వైపు లేచింది.

గరిటె టక్కున మణికట్టు మీద పడింది.

"అవతల హాజీ మనుషులు కూర్చున్నారే," అన్నాడు ఆయన చెయ్యి రుద్దుకుంటూ. "ఒక్క బుట్ట ఇవ్వు. బాగానే ఎండినట్టున్నాయి."

హాద్రా గరిటె పక్కన పెట్టి రెండు మేకులు తీసుకుంది. చెవి దగ్గర తాటించింది. ఇంకోసారి తాటించి, ఆయన చెవి దగ్గర కూడా తాటించింది.

"ఏమంది?"

గాస్సింగ్ విన్నాడు. ముప్ఫై తొమ్మిదేళ్ళ కాపురంలో మేకుల్ని చెవితో వినడం ఆయనకు అదే మొదటిసారి.

"డబ్‌మంది," అన్నాడు.

"ఇంకో వారం. వెళ్ళి చెప్పు వాళ్ళకి."

ఆయన చెప్పడానికి మెట్లు దిగాడు. ఆవిడ పొయ్యిలోకి ఇంకో చెక్కముక్క తోసింది.